గాజు తొట్టిలో నీటిమొక్కలకు ఇసుక పరుపు

గాజు తొట్టిలో చేపలను పెంచదలచినవారు మొదట తొట్టిని బేరమాడుదురు. పిదప చేపలను ఏరుకొందురు. ఆ తరువాత దీపమును, గాలి బుడగల యంత్రమును కొందురు. అడుగున పరచవలసిన ఇసుక విషయములో మాత్రము దుకాణదారుడు ఇచ్చిన రంగురాళ్ళ సంచితో సరిపెట్టుకొందురు. నెల తిరుగకముందే మొక్కల వేళ్ళు కుళ్ళును, నీరు మసకబారును, ఒక ఉదయమున చేపలు వెల్లకిల తేలియుండును. నిజమునకు తొట్టిలో తరువాత మార్చుటకు వీలులేనిది అడుగు ఒక్కటియే. దీపమును మార్చవచ్చును, నీటిని మార్చవచ్చును, చేపలను వేరొక పాత్రలోనికి తీయవచ్చును. అడుగు చెడినచో మొక్కలను పెరికి, నీరు తోడి, తొట్టిని ఖాళీచేసి మరల మొదలు పెట్టవలసినదే.

మీ ఊరి పాఠశాలలోనో, పంచాయతీ కార్యాలయములోనో తొట్టి పెట్టింపదలచిన గ్రామాధికారులు ఈ సంగతి ముందుగా తెలిసికొనుట మేలు. పిల్లలు చూచుచుండగా చేపలు చచ్చుట ఎవరికిని ఇష్టము కాదు. రంగుచేపలను, నీటిమొక్కలను పెంచి అమ్మదలచిన రైతునకైతే ఇది డబ్బుతో ముడిపడిన పని. పది తొట్ల అడుగు ఒకే మట్టితో వేసి, ఆ మట్టి చెడ్డదైనచో, పది తొట్లును ఒకే వారములో పోవును. అయితే ఈ పనిలో వరి పండించు రైతునకు పట్టణవాసికన్న అనుభవము ఎక్కువ యున్నది. మొక్కలున్న గాజు తొట్టి అడుగును, నీరు నిలిచిన వరిమడియు ఒకే తీరున నడచును. మడిని ఎరిగినవాడు తొట్టిని సులభముగా ఎరుగగలడు.

వరిమడియు, గాజు తొట్టియు

దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో కాలు దింపి తీసినచో బుడగలు పైకి వచ్చును. ఈ బుడగలలో ఏమున్నదో మన దేశములోనే మొదట శ్రద్ధగా పరిశీలించిరి. అప్పటి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు హారిసన్, సుబ్రహ్మణ్య అయ్యరుతో కలసి కోయంబత్తూరులో చేసిన పరిశోధనలు 1913 నుండి వెలువడినవి. కృష్ణా గోదావరి డెల్టాలు అప్పుడు ఆ రాష్ట్రములోనివే. నేల లోపల పుట్టు వాయువులలో మీథేను, నత్రజని ప్రధానమైనవనియు, నేల పైభాగమున పాచితోను సూక్ష్మజీవులతోను కూడిన పలుచని పొర ఆ వాయువులలో కొన్నింటిని మార్చివేసి, ప్రాణవాయువును విడిచి, వరి వేళ్ళకు మేలు చేయుచున్నదనియు వారు చూపిరి.

మీ తొట్టిలో జరుగునదియు ఇదే. నీటిలో కరగిన ప్రాణవాయువు కదలిక లేని మట్టిలోనికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే దిగును. అంతకు క్రింద సూక్ష్మజీవులు మొదట నైట్రేటులోని ప్రాణవాయువును, పిదప మాంగనీసు, ఇనుములతో కూడియున్న దానిని, ఆ తరువాత సల్ఫేటులోని దానిని వాడుకొనును. ఇనుము వంతు వచ్చినపుడు ఎర్రమట్టి బూడిద రంగునకు తిరుగును. సల్ఫేటు వంతు వచ్చినపుడు మట్టి నల్లబడి, కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టును. ఈ వాసన హైడ్రోజన్ సల్ఫైడు వాయువుది. మురుగు పోని మడిలో వరి వేళ్ళు నల్లబడుట మీలో చాలమంది చూచియే యుందురు. తొట్టిలో మొక్క వేళ్ళకు పట్టు గతియు అదే.

ఆరోగ్యముగా నున్న వరి వేరును పెరికి చూడుడు. దానిపై తుప్పు రంగు పూత కనబడును. వరి తన కాండములోని గాలి గొట్టముల ద్వారా ప్రాణవాయువును వేళ్ళకు పంపగా, అది వేరు నుండి బయటకు ఊరి, మట్టిలోని కరగిన ఇనుమును తుప్పుగా మార్చును. నీటిలో మునిగి పెరుగు మొక్కలలో అనేకము ఇట్టి పనినే చేయును. నాడా వలె పొడవైన ఆకులుగల వాలిస్నేరియా ఈ పనిలో దిట్ట. కనుక తొట్టి అడుగునకు దున్నపోటు వేళ్ళే. వేళ్ళు దట్టముగా నున్నచోట మట్టి కుళ్ళదు. మొక్కలు లేని మూలలోనే కీడు మొదలగును. తొట్టిని ఎంత లోతుగా పరచవలెననునది, ఎన్ని మొక్కలు నాటవలెననునది వేరువేరు ప్రశ్నలు కావు.

ఏ ఇసుక మంచిది?

నది ఇసుకకు సాటి లేదు. కృష్ణ, గోదావరి, తుంగభద్ర, పెన్న, లేక మీ ఊరి వాగు ఇసుకలో గింజల అంచులు నీటి ఒరిపిడికి అరిగియుండును. అందులో అధికభాగము స్ఫటిక శిల తునకలు. ఇవి నీటిలో కరుగవు, నీటి గుణమును మార్చవు. ఒక తొట్టికి కావలసినది గంపెడు ఇసుక మాత్రమే. దీనికై వాగులో దిగి త్రవ్వనవసరము లేదు. ఊరిలో ఎవరో ఒకరు ఇల్లు కట్టుచునే యుందురు, వారి కుప్పనుండి ఒక బస్తా అడిగి తెచ్చుకొనుడు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చిన పిమ్మట ఇసుక తీయుటకు కట్టుబాట్లు కలవని గ్రామాధికారులకు చెప్పనక్కరలేదు.

రాతిని పిండిచేసి తయారుచేయు రోబో ఇసుకను ఇల్లు కట్టుటకు వాడుకొనుడు గాని తొట్టికి వద్దు. దాని గింజలు పలుగు అంచులు గలవి. అడుగున మూతితో వెదకు మీసాల చేపల మీసములు అరిగి పుండ్లగును. రాతిపొడి ఎంత కడిగినను వదలదు. సముద్రపు ఇసుక మరియొక చిక్కు. దాని ఉప్పును కడిగి వదలింపవచ్చును గాని, అందులోని గుల్లల, శంఖుల తునకలు నెమ్మదిగా కరగుచు నీటిలో సున్నమును పెంచుచునే యుండును. రాయలసీమలోను, తెలంగాణలోను అనేక గ్రామముల బోరు నీరు ఇదివరకే కాఠిన్యము గలది. దానికి గుల్లల సున్నము కూడ తోడైనచో మెత్తని నీరు కోరు మొక్కలు బ్రతుకుట కష్టము. భీమునిపట్నము చేరువనున్న ఎర్రమట్టి దిబ్బల ఇసుక అందముగా నున్నదని తెచ్చుటకు ఆశపడువారు కలరు. అది రక్షింపబడుచున్న భూగర్భ వారసత్వ ప్రదేశము. దాని జోలికి పోరాదు.

దుకాణములలోని రంగు వేసిన ఇసుక, గాజు ముక్కలు నా దృష్టిలో పెండ్లిపందిటి కాగితపు పూలవంటివి. కొన్నింటి రంగు ఊడును. ఊడనివి కూడ మొక్కకు ఏమియు ఇయ్యవు.

సున్నమున్నదో లేదో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. పిడికెడు ఇసుకను ఎండబెట్టి, గాజు గ్లాసులో పోసి, అది మునుగునట్లు వెనిగరు పోయుడు. బుడగలు పైకి లేచినచో సున్నమున్నట్లు. సున్నము కొద్దిగా ఉన్నపుడు బుడగలు కంటికి కనబడవు. గ్లాసును చెవికి దగ్గర పెట్టుకొనినచో సన్నని చిటచిట వినబడును. నిమ్మరసముతోను ఈ పరీక్ష చేయవచ్చును గాని అంత స్పష్టముగా తెలియదు.

ఒండ్రు ఎంతయున్నదో చూచుటకు సీసాలో మూడవ వంతు ఇసుక పోసి, నిండుగా నీరు పట్టి, మూత బిగించి బాగుగా కుదిపి నిలబెట్టుడు. ఇసుక నిమిషములో దిగును. దానిపై ఒండ్రు కొన్ని గంటలలో పొరగా ఏర్పడును. బంకమన్ను రోజుల తరబడి నీటిలో తేలుచునే యుండును. మరునాటికిని నీరు తేటపడనిచో ఆ ఇసుకను విడిచి వేరొక కుప్పను చూచుకొనుట మంచిది. దానిని కడుగుటకు పట్టు నీటికంటె వేరొక ఇసుక తెచ్చుకొనుట చవక.

ఇక గింజ పరిమాణము. ఎక్కువమంది పొరబడునది ఇక్కడనే. పిండివలె మెత్తని ఇసుక చూచుటకు సొగసుగా నుండును; కాని గింజలు ఒకదానికొకటి అతుక్కొని, మధ్య సందులు లేక, నీరు కదలుటకు దారియుండదు. అందులో వేరు కూడ కష్టముగా దూరును. ఇందుకు భిన్నముగా, శనగగింజంత రాళ్ళు పరచినచో చేపల మేత సందులలోనికి జారి క్రింద కుళ్ళును. మధ్యరకము కావలెను. మేస్త్రీలు వాడు 3 మిల్లీమీటర్ల జల్లెడతో మొదట జల్లించి, క్రిందకు దిగిన దానిని కిటికీలకు కొట్టు దోమల జాలిపై మరల జల్లింపుడు. జాలిపై మిగిలిన ఇసుక 1 మిల్లీమీటరుకు కొంచెము పైనుండి 3 మిల్లీమీటర్ల వరకు ఉండును. మీకు కావలసినది ఇదే. జాలి క్రిందకు దిగిన సన్న ఇసుక పూలకుండీలకు పనికివచ్చును.

కడుగుటలో తొందర పనికిరాదు. బకెట్టులో నాలుగవ వంతు మాత్రమే ఇసుక పోసి, నీరు పట్టి, చేతితో అడుగునుండి కలిపి, మురికినీరు వంచివేయుడు. బియ్యము కడిగినట్లే. పది పన్నెండు సారులైనను విసుగుచెందరాదు. ఇసుకను కలిపిన వెంటనే బకెట్టు అడుగు కనబడినచో పని ముగిసినట్లు. సబ్బు, బట్టల సోడా తగులనీయరాదు. కడిగిన ఇసుకను నేలపై కాక పట్టాపై పలుచగా పరచి మూడు నాలుగు దినములు ఎండనిండు.

ఇసుక మాత్రమే చాలునా?

ఇసుక మొక్కను నిలబెట్టును గాని పోషింపదు. స్ఫటిక గింజకు పోషకములను పట్టియుంచు శక్తి లేదు. ఆ శక్తి బంకమన్నుకును, కుళ్ళిన ఆకులవలన ఏర్పడు నల్లని పదార్థమునకును ఉన్నది. నాచు రకములు, హైడ్రిల్లా వంటివి ఆకులతోనే నీటినుండి ఆహారము తీసికొనును. వానికి వట్టి ఇసుక చాలును. కలువ, వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, వానకాలపు చెరువులలో కనబడు అపొనొజిటాన్ దుంపలు వేళ్ళతో తినునవి. వీనికి ఇసుక క్రింద పలుచగా మట్టి ఉండవలెను.

ఇది క్రొత్త సంగతి కాదు. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తొట్టి అడుగున ఇసుక, బురద పరచి, వాలిస్నేరియా నాటి, రెండు బంగారు చేపలను, కుళ్ళిన ఆకులను తిను నత్తలను వదలి, మొక్కలును జంతువులును ఒకదానినొకటి పోషించుకొనుటను రసాయన సంఘమునకు వివరించెను. 1999లో డయానా వాల్‌స్టాడ్ అను అమెరికను రచయిత్రి మొక్కల తొట్లపై వ్రాసిన గ్రంథములో మామూలు తోటమట్టిని ఇసుకరాళ్ళ క్రింద పరచు పద్ధతిని రసాయన కారణములతో సమర్థించిన పిదప ఆ పద్ధతి మరల వ్యాప్తికి వచ్చినది. సంచులలో అమ్ము ఖరీదైన కాల్చిన మట్టిగుళికలు మంచివే. కాని పొలమున్న రైతు వానిని కొనవలసిన పనిలేదు.

అయితే ఏ పొలము మట్టి? ఎర్రచల్క, ఎర్రగరప నేలల మట్టి శ్రేష్ఠము. అందులో ఇనుము సమృద్ధిగా నుండును. ఆ ఇనుమే హైడ్రోజన్ సల్ఫైడును పట్టి నల్లని ఇనుప సల్ఫైడుగా మార్చి, విషము నీటిలోనికి రాకుండ ఆపును. నల్లరేగడి వద్దు. అది నీటిలో ఉబ్బి బంకగా మారును. మొక్కను కదల్చినప్పుడెల్ల తొట్టి అంతయు సిరాబుడ్డి యగును. చెరువు పూడికమట్టి పొలమునకు బంగారమే గాని తొట్టికి సారము మితిమీరినది. గిద్దెడు కలుపుటకు తప్ప పనికిరాదు. చౌడు మట్టిని తాకనే రాదు.

ఇక్కడ అనంతపురము రైతులు ప్రత్యేకముగా ఒక సంగతి గమనింపవలెను. వేరుశనగకు పూత దశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుట సిఫారసులో నున్నది. జిప్సమనగా కాల్షియం సల్ఫేటు. పొలములో అది ఊడల కాయలకు మేలు చేయును. గాలి తగులని తొట్టి అడుగులో అదే సల్ఫేటు కుళ్ళిన గ్రుడ్డు వాసనకు మూలమగును. కావున జిప్సము వేసిన చెక్క మట్టి, ఎర్రమట్టియే యైనను, తీసికొనరాదు. క్రిమిసంహారక మందులు, కలుపు మందులు చల్లిన పొలము మట్టియు ఇంతే. చేపలకు, అందులోను రొయ్యలకు, నత్తలకు, కొన్ని పురుగుమందుల అణుమాత్రమైనను ప్రాణాంతకము. గట్టు మీదిదో, పెరటి మూల బీడు మట్టియో, పశువులు కట్టనిచోట, ఎరువు పడనిచోట పైపొర తొలగించి జానెడు లోతున తీయుడు.

మీ పొలమునకు భూసార పరీక్ష ఫలితముల కార్డు ఉన్నచో దానిని ఈ పనికిని వాడుకొనవచ్చును. 2015 నుండి కేంద్ర పథకము క్రింద రైతులకు ఇచ్చిన ఈ కార్డులలో పి.హెచ్., లవణ సూచిక, సేంద్రియ కర్బనము, లభ్య గంధకము వ్రాయబడియుండును. పి.హెచ్. 6 నుండి 7.5 లోపుగాను, లవణ సూచిక 1కి బాగా తక్కువగాను ఉన్న చెక్కను ఎన్నుకొనుడు. గంధకము ఎక్కువని వ్రాసియున్నచో ఆ చెక్కను విడిచిపెట్టుడు. సేంద్రియ కర్బనము ఎక్కువగా నున్న మట్టి పంటకు మంచిదే గాని తొట్టికి మధ్యరకమే చాలును.

పేడ, కోళ్ళ ఎరువు, వేపపిండి, వర్మీకంపోస్టు, యూరియా, డి.ఎ.పి. ఏవియు కలుపవద్దు. పొలములో ఎరువు వేసి వేసి అలవాటుపడిన చేయి ఇక్కడ ఊరకుండుట కష్టమే. కాని పొలమునకు గాలియు, మురుగు కాలువయు, ఎకరముల విస్తీర్ణమును కలవు. తొట్టిలో వెలువడిన అమ్మోనియాకు చేపల మొప్పలు తప్ప వేరుదారి లేదు. పి.హెచ్. 8 దాటిన నీటిలో అది మరింత విషమగును.

తెచ్చిన మట్టిని జల్లించి, వేళ్ళు, ఆకులు, రాళ్ళు ఏరివేసి, ప్లాస్టిక్ టబ్బులో నీరు పోసి రెండు మూడు వారములు నానవేయుడు. రెండు దినములకొకసారి కలియబెట్టి, తేరిన నీరు వంచి, క్రొత్త నీరు పోయవలెను. దీనివలన కరగు లవణములు పోవును, పచ్చిగా మిగిలిన సేంద్రియ పదార్థము చాలవరకు కుళ్ళి ముగియును. నాట్లకు ముందు పచ్చిరొట్టను దున్ని మాగనిచ్చుటకు కారణమేమో దీనికిని అదే కారణము.

పొరలు పరచు విధము

3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తుగల తొట్టిని ఉదాహరణగా తీసికొందము. దాని అడుగు వైశాల్యము సుమారు 2,700 చదరపు సెంటీమీటర్లు. మట్టి 2.5 సెంటీమీటర్ల మందమునకు 7 లీటర్లకు కొంచెము తక్కువ పట్టును. ఇసుక ముందువైపు 2.5, వెనుకవైపు 5 సెంటీమీటర్లుగా వాలుగా వేసినచో సుమారు 10 లీటర్లు, అనగా 16 కిలోలు కావలెను. నీటితో, గాజుతో అంతయు కలిపి బరువు 140 కిలోలకు దగ్గరగా వచ్చును. ఇది రెండు ధాన్యపు బస్తాల బరువు. పాఠశాలలలో సన్నకాళ్ళ బల్లపై తొట్టి పెట్టించువారు ఈ లెక్కను ఒకసారి చూచుకొనవలెను. బల్ల సమముగా నున్నదో లేదో నీటిమట్టముతో చూచి, తొట్టి క్రింద ఒక థర్మోకోలు పలక వేసి, అప్పుడే పరచుట మొదలుపెట్టవలెను. నింపిన తొట్టిని కదల్చరాదు.

మొదట మట్టి. నానిన మట్టిని దమ్ము చేసిన మడి మట్టివలె ముద్దగా చేసి, అంగుళము మందమున చేతితో పరచుడు. అంగుళమున్నరకు మించరాదు. ముందుగాజుకు, ప్రక్క గాజులకు రెండు వ్రేళ్ళ వెడల్పు విడిచిపెట్టినచో పిదప ఇసుక ఆ సందును నింపి, బయటినుండి చూచువారికి మట్టి కనబడదు. గాజు ప్రక్కన వెలుతురు తగిలి మట్టిలో పాచి పట్టుటయు తప్పును. మొక్కలు నాటని మూలలలో మట్టి వేయవద్దు; అక్కడ ఇసుక ఒక్కటియే, అదియు పలుచగా.

మట్టిపై ఇసుక. ఇది మట్టిని కప్పియుంచు దుప్పటి. అంగుళమునకు తగ్గినచో చేప తోక విసరినను మట్టి పైకి లేచును. రెండంగుళములు మించినచో క్రింది మట్టికి ఊపిరి సలుపదు. వెనుకవైపు ఎత్తుగా వేసిన వాలు కొన్ని వారములకు జారి సమమగును. అది జారకుండ మెట్టపొలములో గట్టు వేసినట్లు మధ్యలో నల్లరాళ్ళను వరుసగా అడ్డుపెట్టవలెను. సున్నపురాయి, నాపరాయి, పాలరాయి ముక్కలు వద్దు. వెనిగరు పరీక్ష రాళ్ళకు కూడ చేయుడు.

కొందరు పూలకుండీలో వేసినట్లు అడుగున ఇటుక ముక్కలు, వానిపై బొగ్గు, వానిపై మట్టి, వానిపై ఇసుక అని ఐదారు పొరలు చెప్పుదురు. కుండీకి అడుగున రంధ్రము కలదు, నీరు దిగిపోవలెను. కనుక ఇటుక ముక్కలు అక్కడ సరియే. గాజు తొట్టిలో నీరు ఎక్కడికిని దిగదు. ఇటుకల సందులు కుళ్ళునీటికి గదులగుట తప్ప ప్రయోజనము లేదు. బొగ్గు కొద్దినాళ్ళలో తన శక్తిని కోల్పోవును. అదిగాక, పెద్దగింజల మీద సన్నగింజలు వేసినచో సన్నవి సందులలోనికి జారును. కొంతకాలమునకు మీరు శ్రమపడి వేసిన పొరలన్నియు కలసిపోవును. మట్టి, దానిపై మధ్యరకపు ఇసుక, ఈ రెండే చాలును. అడుగు పలకనుండి నీటిని లాగు వడపోత యంత్రమున్నచో మట్టి వేయనే రాదు. అది మట్టిని పీల్చి తొట్టినంతటిని కలచివేయును.

నీరు పోయుటకు ముందు ఇసుకపై ఒక విస్తరి పరచి, చెంబుతో దానిమీద మెల్లగా పోయుడు. సగము తొట్టి నిండిన పిమ్మట మొక్కలు నాటుట సులభము. వాలిస్నేరియా మొదలు తెల్లనిభాగము ఇసుకపైననే ఉండవలెను, పూడ్చినచో కుళ్ళును. కలువ దుంప మొలకను కూడ పూడ్చరాదు. నాట్లు చిక్కగా వేయుడు. ఇరవై ముప్పది మొక్కలతో మొదలిడిన తొట్టియు, నాలుగు మొక్కలతో మొదలిడినదియు నెల తరువాత ఒకే తొట్టివలె నుండవు.

మొదటి నెల

ఈ నెలలో చేపలను తేవలదు. క్రొత్త మట్టినుండి అమ్మోనియా వెలువడును. దానిని నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు ఇసుక గింజలపై స్థిరపడుటకు మూడు నాలుగు వారములు పట్టును. మొదటి రెండు వారములు దినము విడిచి దినము సగము నీరు మార్చుచుండవలెను. కుళాయి నీటిని ఒక దినము వెడల్పు పాత్రలో నిలువయుంచి పోయుడు. భీమవరము, కైకలూరు ప్రాంతముల రైతులకు ఆక్వా పరీక్షా కేంద్రములు చేరువలోనే కలవు. చెరువు నీటితోపాటు ఒక సీసా తొట్టి నీటిని కూడ చూపించినచో అమ్మోనియా ఎంతయున్నదో తెలియును. ఇతరులు రొయ్యల రైతులు వాడు పరీక్ష పెట్టెను కొనుక్కొనవచ్చును.

ఇసుకనుండి బుడగలు వచ్చుట ఈ రోజులలో మామూలే. వారమునకొకసారి చీపురు ఈనెతో అక్కడక్కడ నెమ్మదిగా గుచ్చినచో వాయువు బయటకు పోవును. వాసన లేనిచో భయము లేదు. ఇసుక క్రింది భాగము బూడిద రంగునకు మారుటయు, గాజు ప్రక్కన నల్లని చార కనబడుటయు తొట్టి చెడినదనుటకు గుర్తు కాదు. పైన తుప్పురంగు పొర ఉన్నంతవరకు అది క్రిందివానికి కాపలా. ఇంగ్లండు సరస్సుల బురదపై 1941-42 లలో మార్టిమర్ ప్రకటించిన పరిశోధనలలో, ఈ పలుచని పైపొరలోని ఇనుము భాస్వరమును కూడ పట్టియుంచి నీటిలోనికి రానీయదని తేలినది. కావుననే ఇసుకను ఊరక గెలుకరాదనుట. గెలికినచో భాస్వరము పైకి వచ్చి నీరు పచ్చబడును.

గ్రుడ్డు వాసన నిజముగా వచ్చినచో మాత్రము ఉపేక్షింపరాదు. చేపలుండగా ఆ చోటును త్రవ్వుట అన్నిటికంటె చెడ్డపని. ఒక్కసారి విడుదలైన వాయువు నిమిషములలో చేపలను చంపగలదు. మొదట చేపలను తీయుడు, నీరు మార్చుడు, గాలి యంత్రము పెట్టుడు, ఆ పిదపనే ఆ భాగపు మట్టిని గొట్టముతో లాగివేసి ఇసుకతో నింపి వాలిస్నేరియా నాటుడు.

ఎండకాలములో జాగ్రత్త హెచ్చు కావలెను. 20 డిగ్రీల నీరు లీటరునకు 9 మిల్లీగ్రాముల వరకు ప్రాణవాయువును పట్టియుంచగా, 30 డిగ్రీల నీరు 7.5 మాత్రమే పట్టును. మే నెల రాత్రులలో మొక్కలు, చేపలు, అడుగు మట్టి ముగ్గురును దానినే పంచుకొందురు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో, చేపల చెరువుల రైతునకు దాని అర్థము చెప్పవలెనా? రాత్రివేళ గాలి యంత్రము నడుపుడు, మేత తగ్గింపుడు.

చేపలలో బంగారు చేప ఇసుకను నోటితో తోడి మొక్కలను పెకలించును. మొక్కల తొట్టికి అది తగదు. గప్పీలు, మన వాగులలోని చిన్న పరిగెలు సరిపోవును. సూదిమొనవలె పొడవైన గుల్లగల నత్తలు పగలు ఇసుకలో దాగి, రాత్రి పైకి వచ్చును. ఇవి ఇసుకను మెల్లగా తిరుగవేయుచుండును. సంతతి ఎక్కువైనచో మేత ఎక్కువ వేయుచున్నారని తెలిసికొనుడు.

బాగుగా వేసిన పరుపు రెండు మూడు సంవత్సరములు నిలుచును. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, క్రొత్త పిలకలు రాకున్నచో మట్టి సారము తగ్గినట్లు. తొట్టిని విప్పక, గోలీలంత ఎర్రమట్టి ఉండలు చేసి ఎండబెట్టి, వేళ్ళ దగ్గర ఇసుకలోనికి వ్రేలితో నొక్కినచో ఇంకొక సంవత్సరము గడచును. తీసివేయవలసి వచ్చినపుడు ఇసుకను కడిగి మరల వాడవచ్చును. పాత మట్టిని వారము దినములు ఎండనిచ్చి జామచెట్టు పాదులో వేయుడు. అదనపు మొక్కలను, అక్కరలేని చేపలను చెరువులో గాని కాలువలో గాని వదలవద్దు. అందమునకై తెచ్చిన గుర్రపుడెక్కయు, తొట్లనుండి పారిపోయి మన జలాశయములలో వలలు చించుచున్న దెయ్యపుచేపయు ఈ దారినే వచ్చినవి. మొక్కలను ఎండబెట్టి ఎరువుగుంటలో వేయుడు. చేపలను తొట్టియున్న మరియొకరికి ఇండు.